దేశభక్తికి ఫుల్ రీఫండ్

పొద్దున్నే, కాఫీ ఇంకా గొంతులోకి దిగలేదు, ఫ్యామిలీ గ్రూపులో బాబాయ్ ఫార్వర్డు. "జపాన్‌కి బుద్ధి చెప్పిన చైనా ప్రజలు! ఒక్క మాటతో లక్షల టికెట్లు రద్దు! దేశభక్తి అంటే ఇదీ! మనవాళ్లు ఎప్పుడు నేర్చుకుంటారో!" కింద నాలుగు జెండాలు. మన జెండాలే. చైనావాళ్లని పొగడ్డానికి మన జెండాలెందుకో నన్నడక్కండి.

నేనుండేది ఒసాకాలో. ఆ బుద్ధి చెప్పడమేంటో రోజూ మా వీధిలో చూస్తున్నా. గుంటూరులో పడక్కుర్చీలో కూర్చుని ఆయన నాకు చెప్తున్నాడు.

ఒక్క మాటట. 2025 నవంబర్ 7న ఇక్కడి ప్రధాని తకాయిచి, చైనా తనదేననే తైవాన్ మీద దాడి జరిగితే మా సైన్యం కూడా కదలాల్సి రావచ్చన్నట్టు పార్లమెంటులో మాట్లాడింది. 14న బీజింగ్ "జపాన్ వెళ్లకండి" అంది. మర్నాటికల్లా ఎయిర్ చైనా, ఇంకా పెద్ద విమాన సంస్థలు జపాన్ టికెట్లకి ఫుల్ రీఫండ్ ప్రకటించేశాయి. పైసా కోత లేదు. అలా ఇస్తానంటే నేనూ దేశభక్తురాలినే బాబాయ్, నెలకో దేశాన్ని బహిష్కరిస్తా.

ఆ "ప్రజల్లో" ఒకామె ఆఫీసులో నా పక్క సీట్లోనే ఉంటుంది. చెంగ్డూ పిల్ల. వాళ్ల నాన్న గవర్నమెంటు బళ్లో టీచరు. ఆయన పాస్‌పోర్టు ఇంట్లో బీరువాలో ఉండదు, స్కూలువాళ్ల దగ్గరుంటుంది. అక్కడ చాలా ఊళ్లలో టీచర్లకీ సర్కారు ఉద్యోగులకీ అదే పద్ధతి. అడగాలి, సంతకం పెట్టించుకోవాలి, వచ్చాక తిరిగి అప్పజెప్పాలి. కూతుర్ని చూద్దామని ఏడాదిగా ఎదురుచూస్తున్నాడాయన. నవంబర్ తర్వాత ఆ కాగితం మీద సంతకం పెట్టే మొనగాడు లేడు. మా బాబాయ్ లెక్కలో ఆయనా జపాన్‌కి బుద్ధి చెప్పిన వీరుడే!

మా అపార్ట్‌మెంటు కింద హాట్‌పాట్ హోటలుంది. నడిపేది చైనా మొగుడూపెళ్లాలు, బేరమంతా టూర్ బస్సుల మీదే. ఇప్పుడు సాయంత్రాలు ఆయన గుమ్మంలో నిలబడి ఫోను చూసుకుంటుంటాడు. జపాన్ మీదికి విసిరిన రాయి తిన్నగా వచ్చి ఆయన గల్లాపెట్టెకి తగిలింది. డిసెంబర్లో చైనా నుంచి వచ్చేవాళ్లు ఇంచుమించు సగానికి పడిపోయారు, నిజమే. కానీ 2025 మొత్తమ్మీద 4 కోట్లకి పైగా విదేశీయులొచ్చి జపాన్‌కి రికార్డు కొట్టిపెట్టారు.

ఇదేం కొత్త కాదు. 2017లో దక్షిణ కొరియా అమెరికావాళ్ల థాడ్ క్షిపణి రక్షణ వ్యవస్థ పెట్టించుకుంటుంటే చైనా గ్రూపు టూర్లు కట్టేసింది. ట్రావెల్ ఏజెంట్లకి నోటిమాటే, కాగితం ఉండదు. 2016లో 80 లక్షల మంది వెళ్లినచోటికి మరుసటేడు సగమే వెళ్లారు. 2017 మార్చిలోనే కొరియావాళ్ల జెజు దీవికి ఓడలో వచ్చిన దాదాపు 3,400 మంది, రేవు కళ్లముందే ఉన్నా, దిగమంటే దిగమన్నారు. కంపెనీ ఖర్చుతో వచ్చిన బృందం మరి. అంతమందిలో ఒక్కడికైనా కాసేపు దిగి కాళ్లు సాగదీసుకుందాం అనిపించలేదంటే అది దేశభక్తా, మేనేజరు భయమా? పలావ్ అని పసిఫిక్‌లో ఓ బుల్లి దేశం ఉంది (పులావు కాదు బాబాయ్, దేశమే), 18 వేల జనాభా. తైవాన్‌ని గుర్తించిన పాపానికి అదే ఏడు దానికీ గ్రూపులు ఆపేశారు. ఇంతకీ ఇప్పుడు జపాన్ వద్దనుకున్నవాళ్లు ఎగబడి పోతున్నది ఎక్కడికనుకున్నారు? కొరియాకే!

సరే, వాళ్ల గొడవ వాళ్లది. నాకు మండింది ఆఖరి ముక్కకి. "మనవాళ్లు ఎప్పుడు నేర్చుకుంటారో" అట! 2024 జనవరిలో మాల్దీవుల ఉపమంత్రులు మోదీ మీద నోరు పారేసుకుంటే, చెల్లి పెళ్లిరోజు ట్రిప్పు నువ్వే పట్టుబట్టి క్యాన్సిల్ చేయించలేదూ? వాళ్లకి ఫుల్ రీఫండ్ కాదు కదా, పావు వంతు కూడా తిరిగి రాలేదు. ఆ ఏడాది అక్కడ అందరికంటే ఎక్కువ దిగిందెవరో తెలుసా? పొద్దున నువ్వు దండేసిన చైనావాళ్లే.

పోనీ అది డబ్బు. కైలాసం సంగతో?

2020 నుంచి ఆగిపోయిన మానస సరోవర యాత్ర 2025లో మళ్లీ మొదలైంది. మొత్తం 750 మందికే, లాటరీ. అమ్మ అప్లై చేస్తానంది. నాన్న పోయాక ఆవిడ నోరు తెరిచి అడిగింది అదొక్కటే. "చైనావాడి చేత వీసా కొట్టించుకుని, చైనావాడికి డబ్బు కట్టి దేవుణ్ణి చూస్తావా వదినా? మన సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబు గల్వాన్‌లో ప్రాణాలిచ్చాడు" అన్నాడు బాబాయ్. ఆ పేరు ఎత్తాక ఇంకెవరు నోరెత్తుతారు? అమ్మ ఫారం నింపలేదు. అప్పటికి ఆవిడకి 70. సర్కారు పంపే ఆ యాత్రకి 70 దాటితే తీసుకోరు.

అదే ఏడు నవంబర్లో బాబాయ్ గ్వాంగ్జౌ వెళ్లొచ్చాడు. లైట్ల షాపుకి సరుకు. కలకత్తా నుంచి ఇండిగో డైరెక్ట్ ఫ్లైటు అక్టోబర్ 26న మొదలైంది కదా, భలే కలిసొచ్చిందట. "వ్యాపారం వేరు అమ్మడూ" అన్నాడు. ఎల్‌ఈడీ దీపాల ముందు నిలబడి దిగిన ఫొటోలు కూడా ఈ గ్రూపులోనే పెట్టాడు.

పైనున్నదంతా అక్కడే టైపు చేశా. పంపబోతుంటే ఫార్వర్డు కింద అమ్మ మెసేజి వచ్చిపడింది. రెండు దండం బొమ్మలు, "చాలా బాగుంది" అని.

అక్కడ చెరిపేసి ఇక్కడ పెట్టా.