సర్వర్‌రోగ నివారిణి

జావా వెబ్ అప్లికేషన్లను నడిపే టామ్‌క్యాట్ సర్వరును సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1999లో అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ చేతిలో పెట్టింది. నాటి నుంచి దాని స్థాపన గురించీ, నిర్వహణ గురించీ, దాని మీద అప్లికేషన్లు రాయడం గురించీ వేల పుటల సాహిత్యం వెలువడింది. రిక్వెస్టులను మోసే థ్రెడ్లు ఎన్ని ఉండాలో, జావాకు కేటాయించే మెమరీ అయిన హీప్ ఎంత ఉండాలో, టైమవుట్ ఎన్ని సెకన్లకు పెట్టాలో అందులో సవివరంగా ఉంది. కానీ ఈ పాతికేళ్లుగా సర్వర్లను నిజంగా నిలబెడుతున్న ఏకైక ప్రక్రియకు, అంటే రీస్టార్టుకు, ఆ సాహిత్యంలో దక్కినది రెండు స్క్రిప్టుల ప్రస్తావన మాత్రమే. దానికి ఒక పీఠం లేదు, పాఠ్యప్రణాళిక లేదు, సర్టిఫికేషన్ లేదు. తన పని తాను చేసుకుపోయే వారిని గుర్తించకపోవడం మనకు అలవాటే అయినా, ఈ అన్యాయాన్ని ఇకనైనా సరిదిద్దాలని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

స్థాపన గురించి చెప్పుకోవలసింది తక్కువ. ఆర్కైవును విప్పి, స్టార్టప్ స్క్రిప్టును నడిపి, బ్రౌజరులో 8080 పోర్టును తెరవగానే పిల్లి బొమ్మతో స్వాగత పుట కనిపిస్తుంది. ప్రాజెక్టు ప్లాన్‌లో ఆ గడికి పచ్చరంగు పడుతుంది. యూజర్లకు కావలసింది 80వ పోర్టు కాగా, లినక్స్‌లో 1024 కంటే కింది పోర్టును మామూలు యూజరు తెరవలేడు. ముందు ఒక ప్రాక్సీని, అంటే రిక్వెస్టులను అందుకుని లోపలికి పంపే మధ్యవర్తి సర్వరును, నిలబెట్టడం వంటి మార్గాలు ఉన్నాయి గానీ, టామ్‌క్యాట్‌నే రూట్‌గా, అంటే సర్వాధికారాలున్న యూజరుగా, నడిపితే ఏ పర్మిషన్ బాధా ఉండదని మనవాళ్లు అనుభవం మీద గ్రహించారు. అది అక్షరాలా నిజం. రూట్‌కు ఏ పర్మిషన్ బాధా ఉండదు. ఆ సర్వరులోకి చొరబడినవాడికీ ఉండదు. టామ్‌క్యాట్‌ను బ్రౌజరు నుంచే నిర్వహించే మేనేజర్ అప్లికేషన్‌లోకి అనుమతి లేదని చెప్పే 401 పుట, యూజర్ల ఫైలులో ఏం రాయాలో ఒక నమూనాను కూడా దయతో చూపిస్తుంది: యూజరు పేరు టామ్‌క్యాట్, పాస్‌వర్డు ‘సీక్రెట్’ అనే ఇంగ్లిషు మాటలో మొదటి ‘ఈ’ అక్షరానికి బదులు 3 అంకె. నమూనా వరుసను ఉన్నదున్నట్టు ఫైలులోకి ఎక్కించే విధేయులకు మన దగ్గర కొదవ లేదు. దాడి స్క్రిప్టులు ఆ జోడీని కంఠస్థం చేసి ఉండటం ఆ విధేయతకు దక్కిన అంతర్జాతీయ గుర్తింపుగా భావించాలి.

టామ్‌క్యాట్‌ను తయారుచేసినవారికి కూడా మన పక్షాన కొంత మొగ్గు ఉన్నట్లే కనిపిస్తుంది. సర్వరు ఉన్న మెషీన్ నుంచే 8005 పోర్టుకు ‘షట్‌డౌన్’ అనే మాటను పెద్ద అక్షరాల్లో పంపితే చాలు, ఎవరు నువ్వని అడగకుండా సర్వరు ఆగిపోతుంది. ఆ మాటను మార్చుకోవచ్చు, పోర్టును పూర్తిగా మూసేయవచ్చు కూడా. కానీ ఆగడాన్ని ఇంత సులభం చేసిన పెద్దల ఉద్దేశాన్ని కాదనడం మర్యాద కాదని ఎవరూ దాని జోలికి పోరు.

ఇక అసలు విషయానికి వస్తే, హైదరాబాదులో అర్ధరాత్రి, అమెరికాలో మిట్టమధ్యాహ్నం అయిన ఒక వేళను పరిశీలిద్దాం. అప్లికేషన్ స్పందించడం లేదని టికెట్ తెరుచుకుంటుంది. లోపల జరిగినది ఇది. డెవలపరు ఒకరు పూల్ నుంచి, అంటే అందరూ పంచుకునే కనెక్షన్ల నిల్వ నుంచి, డేటాబేస్ కనెక్షన్‌ను తీసుకుని, క్వెరీ నడిపి, ట్రై బ్లాకు చివరి వరుసలో దాన్ని మూసేశారు. క్వెరీ విఫలమైనప్పుడు ఆ చివరి వరుస దాకా కథ నడవదు, కనెక్షన్ పూల్‌కు తిరిగి రాదు. టామ్‌క్యాట్‌తో పాటు వచ్చే డీబీసీపీ పూల్‌లో ఎవరూ ఏమీ మార్చకపోతే గరిష్ఠంగా 8 కనెక్షన్లు మాత్రమే ఉంటాయి, వాటి కోసం ఎదురుచూడవలసిన కాలానికి హద్దే ఉండదు. కాబట్టి ఎనిమిది ఎక్సెప్షన్లతో, అంటే ఎనిమిది క్వెరీలు విఫలమవగానే, పూల్ ఖాళీ అవుతుంది. ఆ తర్వాత వచ్చే ప్రతి రిక్వెస్టూ ఒక థ్రెడ్‌ను పట్టుకుని కనెక్షన్ కోసం నిలబడిపోతుంది. డిఫాల్టుగా ఉన్న 200 థ్రెడ్లూ అలా నిలబడ్డాక, ఆపై వచ్చే కనెక్షన్లన్నీ వరుస కడతాయి. ఈ మొత్తం ఘట్టంలో సీపీయూ దాదాపు పని లేకుండా ఉంటుంది, మెమరీ నిబ్బరంగా ఉంటుంది, మానిటరింగ్ తెర మీద గ్రాఫులన్నీ పచ్చగా ఉంటాయి. బయట వ్యాపారం ఒక్కటే ఆగిపోయి ఉంటుంది. అప్పుడు జరిగే సంభాషణ వృత్తి చరిత్రలో భద్రపరచదగినది.

“అన్నా, సర్వర్ హ్యాంగ్ అయింది.”

“లాగ్స్‌లో ఏమైనా పడిందా?”

“ఏం పడలేదన్నా. సీపీయూ కూడా నార్మల్‌గానే ఉంది.”

“అయితే రీస్టార్ట్ కొట్టు. అందరూ ఉన్న బ్రిడ్జ్ కాల్‌లో మాత్రం ఇన్వెస్టిగేట్ చేస్తున్నామని చెప్పు.”

ఇక్కడ కొందరు ఛాందసులు అడ్డు తగులుతారు. జేస్టాక్ అనే పనిముట్టుతో పది సెకన్ల తేడాలో మూడుసార్లు థ్రెడ్ డంప్, అంటే ఏ థ్రెడ్ ఎక్కడ ఆగిందో చెప్పే జాబితా, తీసి చూస్తే, రెండు వందల థ్రెడ్లూ పూల్ గుమ్మంలో ఒకే వరుస కోడు దగ్గర నిలబడి కనిపిస్తాయనీ, అప్లికేషన్ అమరికలుండే కాంటెక్స్ట్ ఫైలులో, వదిలేసిన కనెక్షన్లను వెనక్కి లాక్కోమనీ, వాటి వివరం లాగ్‌లో రాయమనీ చెప్పే రెండు గుణాలను చేరిస్తే, కనెక్షన్‌ను తీసుకుని తిరిగి ఇవ్వనిది ఏ క్లాసులో ఏ వరుసో పేరుపెట్టి మరీ లాగ్‌లో అచ్చవుతుందనీ వారి వాదన. సరిగ్గా అందుకే ఆ పని చేయకూడదు. ఒక సహోద్యోగి రాసిన వరుసను అర్ధరాత్రి పూట పదిమందిలో బయటపెట్టే ఈ సదుపాయం డిఫాల్టుగా ఆపి ఉండటం, టామ్‌క్యాట్ నిర్మాతల సంస్కారానికి నిదర్శనం. రీస్టార్టులో ఎవరి పరువూ పోదు. ఎనిమిది కనెక్షన్లూ కొత్తగా పుడతాయి, రెండు వందల థ్రెడ్లూ మాయమవుతాయి, వాటితో పాటు ఏం జరిగిందో చెప్పగల ఆధారాలన్నీ మాయమవుతాయి. ఇది వారానికోసారి జరగడం మొదలయ్యాక, ఆదివారం తెల్లవారుజామున నియమిత వేళకు పనులు నడిపే క్రాన్‌లో రీస్టార్టు పెట్టి, దానికి ‘ముందస్తు నిర్వహణ’ అని నామకరణం చేస్తారు. డెవలపరు ట్రై విత్ రిసోర్సెస్ వాడి ఉంటే కనెక్షన్ దానంతట అదే మూసుకుపోయేది. జావాలో ఆ సదుపాయం 2011 నుంచి ఉంది. క్రాన్ అంతకంటే చాలా పాతది కనుక, అనుభవానికే పెద్దపీట వేశారన్నమాట.

రీస్టార్టు పామరుల పని అనుకునేవారు దాని లోతు ఎరుగరు. షట్‌డౌన్ స్క్రిప్టు సర్వరును మర్యాదగా అడుగుతుంది. అప్లికేషన్ తనకు తానుగా పుట్టించుకున్న థ్రెడ్లు కొన్ని ఆ మాట వినవు, దానితో ప్రాసెస్ బతికే ఉంటుంది. ఆ సంగతి తెలియక మళ్లీ స్టార్టప్ నడిపినవాడికి, అడ్రస్ ఇప్పటికే వాడుకలో ఉందన్న సందేశం ఎదురుకావచ్చు. అనుభవజ్ఞుడు పీఎస్ కమాండుతో ఆ ప్రాసెస్ నంబరు వెతికి, కిల్ మైనస్ 9 అనే తుది తీర్పును అమలుచేస్తాడు. ఆ క్షణంలో సగంలో ఉన్న లావాదేవీల గురించి అతడు చింతించడు. నిష్కామ కర్మ అంటే అదే కదా.

లాగుల నిర్వహణలోనూ ఈ ప్రక్రియదే పైచేయి. కటాలినా డాట్ అవుట్ అనే ఫైలును టామ్‌క్యాట్ తనంతట తాను రొటేట్ చేయదు, అంటే పాతదాన్ని పక్కన పెట్టి కొత్తది మొదలుపెట్టదు. డెవలపర్లు ప్రొడక్షన్‌లో మరచిపోయిన ‘ఇక్కడికి వచ్చింది’, ‘ఇక్కడికి కూడా వచ్చింది’ అనే ముద్రణలన్నీ అందులోకే చేరి, ఒకనాటికి డిస్కు నిండిపోతుంది. అప్పుడు కొత్తగా చేరిన కుర్రవాడు ఆ ఫైలును ఆర్‌ఎమ్ కమాండుతో తుడిచేస్తాడు. ఫైలు కనిపించదు, ఖాళీ జాగా పెరగదు. ఫైళ్లను కూడే డీయూ కమాండు ఒక లెక్క చెబుతుంది, డిస్కును అడిగే డీఎఫ్ కమాండు మరొక లెక్క చెబుతుంది. రెండూ నిజమే, ఎందుకంటే పేరు చెరిగినా ఆ ఫైలును జావా ప్రాసెస్ ఇంకా తెరిచి పట్టుకునే ఉంది. ఫైలును తుడిచేయకుండా దాని పరిమాణాన్ని సున్నాకు కుదిస్తే సరిపోయేది, లాగ్‌రొటేట్‌లో నాలుగు వరుసలు రాసి ఉంటే అదీ అవసరమయ్యేది కాదు. అయితే రీస్టార్టు చేయగానే పట్టు వదులుతుంది, జాగా తిరిగి వస్తుంది. కుర్రవాడికి జ్ఞానోదయమవుతుంది, అదీ మనం కోరుకున్న దిశలోనే.

ఆ కుర్రవాడిని తప్పుదోవ పట్టించినది హైదరాబాదులో కోచింగ్ కేంద్రాలకు పేరుపడ్డ అమీర్‌పేట అని బాధతో చెప్పవలసి వస్తోంది. మైత్రీవనం చుట్టుపక్కల గోడల మీద, స్తంభాల మీద వెబ్‌లాజిక్, వెబ్‌స్పియర్, జేబాస్ వంటి సర్వర్ల అడ్మినిస్ట్రేషన్ కోర్సుల పేర్లు లేని చోటు ఒకప్పుడు వెతికినా దొరికేది కాదు. అక్కడి ‘రియల్ టైమ్ ఫ్యాకల్టీ’, సర్వరు హ్యాంగ్ అయితే ఏం చేస్తావని ఇంటర్వ్యూలో అడిగినప్పుడు థ్రెడ్ డంపు తీస్తాను, హీప్ డంపు తీస్తాను, మూలకారణం కనుగొంటాను అని తడుముకోకుండా చెప్పడం నేర్పుతారు. అభ్యర్థి అలాగే చెబుతాడు, అడిగినవారు తృప్తిగా తలూపుతారు, ఉద్యోగం వస్తుంది. ఆ జవాబును అడిగినవారూ ఎన్నడూ ఆచరించలేదు, చెప్పినవాడూ ఆచరించబోడు. ఇన్ని వేలమంది యువతీయువకుల చేత ఒకే అబద్ధాన్ని ఇంత శ్రద్ధగా వల్లెవేయించడం విద్యారంగానికి శోభనివ్వదు. కోర్సు మొదటి రోజునే, డెమో క్లాసులోనే, ఉచితంగానే, రీస్టార్టు నేర్పి పంపాలి.

మన వాదానికి ప్రత్యర్థులు భద్రతను అడ్డం తెస్తారు. టామ్‌క్యాట్ 7కు 2021 మార్చి 31తో, 8.5కు 2024 మార్చి 31తో నిర్వహణ ముగిసిందని తేదీలు చదువుతారు. 2020లో బయటపడిన ఘోస్ట్‌క్యాట్ లోపం గురించి చెప్పి, చాలాచోట్ల ఎవరూ వాడకుండానే తెరిచి ఉంచిన 8009 పోర్టు ద్వారా అప్లికేషన్ ఫైళ్లను బయటివారు చదవగలిగారని బెదిరిస్తారు. టామ్‌క్యాట్ 10లో జావాక్స్‌తో మొదలయ్యే ప్యాకేజీల పేర్లు జకార్తాతో మొదలయ్యేలా మారాయి కనుక, అప్‌గ్రేడు చేయకపోవడానికి మనకు పదేళ్లకు సరిపడా సాకు దొరికిందని వారు గమనించరు. చివరికి అమెరికాలో జనం రుణ చరిత్రలను నమోదుచేసే ఈక్విఫాక్స్ సంస్థ ఉదంతాన్ని తీస్తారు. జావా వెబ్ అప్లికేషన్లు రాయడానికి వాడే స్ట్రట్స్ ఫ్రేమ్‌వర్కులోని లోపానికి 2017 మార్చిలోనే ప్యాచ్ వచ్చినా ఆ సంస్థ ఒకచోట వేయలేదు, సుమారు 14.7 కోట్ల మంది అమెరికన్ల వివరాలు పోయాయి. వచ్చిపోయే ట్రాఫిక్‌ను పరీక్షించవలసిన పరికరం తాలూకు సర్టిఫికెట్ గడువు ముగిసి 19 నెలలు అయింది; జులై నెలాఖరులో కొత్త సర్టిఫికెట్ వేయగానే అనుమానాస్పద ట్రాఫిక్ కనబడింది. ఈ కథలో నీతి ప్రత్యర్థులకు వేరుగా తోస్తుంది గానీ, ఆ సర్టిఫికెట్‌ను కూడా ముట్టుకోకుండా ఉండి ఉంటే ఆ దుర్వార్త అప్పుడే వినవలసి వచ్చేది కాదన్నది స్పష్టం. పైగా ఆ సంస్థ మాజీ అధినేత అమెరికా కాంగ్రెస్ ఎదుట, ప్యాచ్ వేయాలన్న సంగతి చేరవలసిన వారికి చేరవేయని ఒక్క వ్యక్తిని వేలెత్తి చూపారు. అంత పెద్ద సంస్థలో అంత పెద్ద నష్టానికి ఒకే ఒక్క ఉద్యోగి సరిపోయాడంటే, సిబ్బంది సామర్థ్యం మీద యాజమాన్యానికి ఎంత నమ్మకమో ఊహించవచ్చు.

ఇంత విమర్శ నడుమ ఊరటనిచ్చే పరిణామం ఏమిటంటే, ప్రపంచం నెమ్మదిగా మన దారికే వచ్చింది. కంటెయినర్లను, అంటే పెట్టెల్లో సర్దినట్టు విడివిడిగా నడిపే అప్లికేషన్లను, నిర్వహించే వ్యవస్థగా గూగుల్ 2014లో ప్రకటించిన కుబెర్నెటిస్‌లో, ఆ కంటెయినర్లు ఉండే పాడ్‌కు రీస్టార్టు విధానం ఏదని ఎవరూ చెప్పకపోతే ‘ఎల్లప్పుడూ’ అనే విలువే వర్తిస్తుంది. కంటెయినరు పడిపోతే అది తిరిగి లేపుతుంది. మళ్లీ పడిపోతే పది సెకన్లు ఆగి, ఆపై ఇరవై, నలభై, అలా ఐదు నిమిషాల దాకా విరామాన్ని పెంచుకుంటూ లేపుతూనే ఉంటుంది. మెమరీ లీకుతో రాత్రంతా పదకొండుసార్లు చచ్చి బతికిన అప్లికేషన్‌ను పొద్దున చూస్తే ‘రన్నింగ్’ అనే ఉంటుంది. గతంలో ఒక మనిషి నిద్రలేచి చేసిన పనిని ఇప్పుడు యంత్రం చేస్తోంది, ఆ మనిషి కనీసం ఎందుకు పడిందా అని ఒక్క క్షణమైనా అనుకునేవాడు. ఆ లోపాన్ని కూడా సాంకేతికత తొలగించింది.

నిజానికి ఈ పద్ధతి వ్యాపించడానికి కారణం బద్ధకం కాదు, కార్యాలయ నియమావళి. పైన చెప్పిన రెండు గుణాలను కాంటెక్స్ట్ ఫైలులో చేర్చాలంటే మార్పు అభ్యర్థన పెట్టాలి, పరీక్షించినట్లు స్క్రీన్‌షాట్లు జతపరచాలి, వెనక్కి తీసుకునే ప్రణాళిక రాయాలి, గురువారం సమావేశంలో ఆ ఫైలును ఎన్నడూ తెరిచి చూడనివారికి వివరించాలి, శనివారం రాత్రి అమలుచేయాలి, అది పొరపాటున ఇంకేదైనా చెడగొడితే పేరు మీద మచ్చ పడాలి. రీస్టార్టుకు ఇవేవీ అక్కర్లేదు. అది అత్యవసర చర్య, ఎన్నిసార్లు చేస్తే అన్నిసార్లు సేవ పునరుద్ధరించిన ఖ్యాతి దక్కుతుంది, ఏడాది చివర అప్రైజల్‌లో ఆ అంకె పనికొస్తుంది. లీకును సరిచేసినవాడికి రాయడానికి అంకె ఉండదు, ఎందుకంటే ఆ తర్వాత ఏమీ జరగదు.

కాబట్టి సంబంధిత యాజమాన్యాలకు ఈ వ్యాసకర్త చేసే విన్నపం ఒక్కటే. ప్రతి అంతరాయం తర్వాతా మూలకారణ నివేదికను కొత్తగా టైపు చేయించడం మానవ వనరుల దుర్వినియోగం. మూలకారణం: అప్లికేషన్ స్పందించకపోవడం. తీసుకున్న చర్య: సేవల పునఃప్రారంభం. పునరావృతం కాకుండా తీసుకోబోయే చర్య: పర్యవేక్షణను పటిష్ఠం చేయడం. ఇంతవరకు ముందే అచ్చు వేయించి, తేదీ గడిని మాత్రం ఖాళీగా వదిలి, ఏడాదికి సరిపడా ప్రతులకు ఏప్రిల్ నెలలోనే సంతకాలు చేయించి ఉంచితే, ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవారికి కనీసం అరగంట నిద్ర కలిసివస్తుంది.