స్ట్రిప్ తిప్పి చూపించిన ఫార్మసిస్ట్

జలుబు, జ్వరం లాంటివాటికి ముందు ఫార్మసిస్ట్‌ను అడగమని ఒక వ్యాసంలో చదివాను. నిజమే, మా అమ్మ విషయంలో అదే మేలు చేసింది. పోయిన చలికాలం జ్వరానికి డోలో 650 (ఒక్కో బిళ్లలో పారాసిటమాల్ 650 మిల్లీగ్రాములు) రోజుకు నాలుగు వేసుకుంటోంది. ముక్కు కారుతోందని జలుబు బిళ్ల కూడా రోజుకు నాలుగుసార్లు వేసుకుందామని నన్ను షాపుకు పంపింది. అక్కడున్న ఫార్మసిస్ట్ అమ్మాయి ఇచ్చేముందు "ఎవరికండీ? వయసెంత? బీపీ ఉందా? ఇంకేం వాడుతున్నారు?" అని అడిగింది. తర్వాత స్ట్రిప్ వెనక్కి తిప్పి చూపించింది. అందులోనూ పారాసిటమాల్ 500 మిల్లీగ్రాములు! రెండూ కలిపితే రోజుకు 4,600 మిల్లీగ్రాముల పారాసిటమాల్. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకే 4,000 దాటకూడదట, దాటితే కాలేయానికి ముప్పు. పైగా ముక్కుదిబ్బడకని ఆ బిళ్లలో కలిపే ఫినైలెఫ్రిన్ బీపీని పెంచగలదు. బిళ్ల ఇవ్వకుండా ముక్కులో వేసుకునే సెలైన్ (ఉప్పునీటి) చుక్కల మందు ఇచ్చింది, మూడు రోజుల్లో జ్వరం తగ్గకపోతే డాక్టరుకు చూపించమంది. ఆమెకు పట్టింది రెండు నిమిషాలే.

కానీ చాలా షాపుల్లో సర్టిఫికెట్ గోడ మీద ఉంటుంది, ఫార్మసిస్ట్ మాత్రం ఉండరు. కౌంటర్ దగ్గరి కుర్రాడు అడిగింది కత్తిరించి ఇచ్చేస్తాడు. "ఫార్మసిస్ట్ ఉన్నారా?" అని మనమే అడగాలి. ఇంట్లో వాడే మందుల స్ట్రిప్‌లన్నీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, అక్కడ చూపించడానికి పనికొస్తాయి.