‘బ్యాంకు మునిగితే 5 లక్షలే ఇస్తారు’: ఆ ఫార్వర్డ్‌లో నిజమెంత?

వాట్సాప్‌లో ఏళ్ల తరబడి తిరుగుతున్న సందేశం ఇది: “బ్యాంకు నష్టాలకు మన డిపాజిట్లు వాడుకునేలా చట్టం తెచ్చారు. అందుకే పాస్‌బుక్ మీద ముద్ర వేస్తున్నారు. ఎంత దాచుకున్నా 5 లక్షలే ఇస్తారు.”

మొదట చట్టం సంగతి. మునిగే బ్యాంకుల సంగతి ఎలా తేల్చాలో చెప్పే ఎఫ్‌ఆర్‌డీఐ బిల్లును 2017 ఆగస్టులో లోక్‌సభలో పెట్టి, 2018 ఆగస్టులో వెనక్కి తీసుకున్నారు. అది చట్టమే కాలేదు. అప్పటి భయం మాత్రం ఉత్తిది కాదు. బీమా పరిధి దాటిన డిపాజిట్లను బ్యాంకు వాటాలుగా మార్చే ‘బెయిల్ ఇన్’కు 52వ క్లాజు దారి వదిలింది. బీమా ఉన్న సొమ్ము జోలికి పోకూడదని కూడా అందులోనే ఉంది, ఫార్వర్డ్ ఆ ముక్క చెప్పదు.

పాస్‌బుక్ మీద డిపాజిట్ బీమా సంగతి చెప్పే ముద్రకూ ఆ బిల్లుకూ సంబంధం లేదు. డిపాజిట్ బీమా 1962 నుంచే ఉంది. పరిమితి 1993లో లక్ష అయింది, 2020 ఫిబ్రవరి 4 నుంచి 5 లక్షలు. ప్రీమియం బ్యాంకే కడుతుంది.

ఇక అసలు మాట, ‘5 లక్షలే’. అది బీమా సంస్థ డీఐసీజీసీ పూచీ పడే హద్దు. మన చేతికి వచ్చేది అంతేనని కాదు. వాణిజ్య బ్యాంకు తూలితే ఆర్బీఐ సాధారణంగా లిక్విడేషన్ (బ్యాంకును మూసి ఆస్తులు అమ్మేయడం) దాకా పోనివ్వదు. బ్యాంకింగ్ నియంత్రణ చట్టం 45వ సెక్షన్ కింద కేంద్రం మారటోరియం (చెల్లింపులకు తాత్కాలిక నిలుపుదల) విధిస్తుంది, విత్‌డ్రాయల్‌కు పరిమితి పెడతారు, ఈలోగా కొత్త పెట్టుబడో విలీనమో తేలుస్తారు. 2004లో మన సికింద్రాబాద్‌లో పుట్టిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకును మూడు వారాల్లో ఓరియంటల్ బ్యాంకులో కలిపారు. యెస్ బ్యాంకుకు 2020 మార్చి 5న పెట్టిన మారటోరియం 18న ఎత్తేశారు. లక్ష్మీ విలాస్ బ్యాంకు అదే ఏడాది నవంబరులో డీబీఎస్‌లో కలిసింది. ఈ మూడింటిలోనూ డిపాజిటర్ల అసలు పోలేదు. మునిగింది వేరేవాళ్లు: లక్ష్మీ విలాస్ వాటాదారులకు సున్నా మిగిలింది, యెస్ బ్యాంకు ఏటీ1 బాండ్లు (బ్యాంకు కష్టాల్లో పడితే రద్దు చేయగలిగేవి) కొన్నవాళ్లకు 8,415 కోట్లు పోయాయి. ఆ బాండ్లను ఎఫ్‌డీ లాంటివేనని నమ్మి కొన్నవాళ్లూ ఉన్నారు.

భయపడాల్సిన చోటు అర్బన్ సహకార బ్యాంకులు. పీఎంసీ బ్యాంకుపై 2019 సెప్టెంబరులో ఆంక్షలు పడ్డాక విత్‌డ్రాయల్‌కు తొలి పరిమితి వెయ్యి రూపాయలే. 2022లో యూనిటీ బ్యాంకులో కలిపినప్పుడు, 5 లక్షలు దాటిన సొమ్ముకు పదేళ్ల దాకా వాయిదాలు. ఇక్కడ ఫార్వర్డ్ సగం నిజం.

పీఎంసీ ఆంక్షల అనుభవంతోనే 2021లో డిపాజిట్ బీమా చట్టం సవరించారు. ఆంక్షలు పడ్డ రోజు నుంచి బ్యాంకు 45 రోజుల్లో డిపాజిటర్ల జాబితా ఇవ్వాలి, డీఐసీజీసీ 30 రోజుల్లో సరిచూసి మరో 15 రోజుల్లో చెల్లించాలి. విలీనం ప్రయత్నం నడుస్తుంటే ఇంకో 90 రోజులు జరగవచ్చు.

లెక్కలో జనం తప్పేది ఇక్కడే. 5 లక్షల్లో వడ్డీ కూడా కలుస్తుంది కాబట్టి నిండా 5 లక్షల ఎఫ్‌డీ వేస్తే వడ్డీకి రక్షణ ఉండదు. ఒకే బ్యాంకులో ఎన్ని శాఖల్లో వేసినా ఒకే లెక్క. భార్యాభర్తల జాయింట్ ఖాతాకు మాత్రం విడిగా మరో 5 లక్షలు. ఆ బ్యాంకుకే మనం బాకీ ఉంటే అది మినహాయించుకుంటారు. చిట్టీలకు, ఊళ్లోని ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘంలో వేసిన డిపాజిట్లకు ఈ బీమా అసలే లేదు.