ఆ పోర్ట్‌ఫోలియోలో గుంటూరు ఎక్కడుంది?

మొన్న డిసెంబర్‌లో అమెరికా నుంచి గుంటూరు వెళ్ళినప్పుడు, మా అన్నయ్య కూతురు డిజైన్ థర్డ్ ఇయర్ చదువుతోంది, నేను పెసరట్టు తింటుంటే లాప్‌టాప్ తెచ్చి ముందు పెట్టింది, బాబాయ్ నా పోర్ట్‌ఫోలియో, అంటే నేను చేసిన డిజైన్లన్నీ, చూసి జాబ్ వస్తుందో రాదో చెప్పు అని. చూశా. ఒక కాఫీ షాప్ లోగో, ఒక మ్యూజిక్ యాప్, ఒక షూస్ పోస్టర్, ఇలా ఒక 14 ఉన్నాయి. నీట్‌గానే ఉన్నాయి, పిల్లకి చెయ్యి ఉంది, అది కాదనను. కానీ ఆ కాఫీ షాపు లోకంలో ఎక్కడా లేదు, ఆ యాప్ ఎవరి ఫోన్‌లోనూ లేదు, మొత్తం 14లో ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇందులో గుంటూరు ఎక్కడుందే అంటే "తెలుగు పెడితే లోకల్‌గా ఉంటుంది బాబాయ్" అంది. లోపల్నించి మా వదిన "దానికి నువ్వు తెలుగు చెప్తావేంటయ్యా, ఆ యాప్‌ల డిజైన్, యూఐ యూఎక్స్ ఏదో నేర్పించి అమెరికా తీసుకుపో" అని కేకేసింది.

ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయా, అందుకే ఇది. కాఫీ షాప్ లోగోలు పుణెలో పిల్లలూ చేస్తున్నారు, కొచ్చిలో పిల్లలూ చేస్తున్నారు, అవే టెంప్లేట్లు అవే మాకప్‌లు, ఇప్పుడైతే ఏఐకి చెప్తే నిమిషంలో నాలుగు ఇస్తుంది. అదే ఏఐని "లక్ష్మీ ప్రసన్న" అని శుభలేఖ మీద రాయమంటే నాకు వచ్చినవాటిలో సగం చూసి నవ్వుకున్నాం, క్షకి మ వత్తు ఎక్కడ తగిలించాలో తెలీక జిలేబీ చుట్టింది. రేపో మాపో అదీ నేర్చుకుంటుంది లెండి. నేర్చుకున్నాక కూడా అది బాగుందో లేదో చూసి చెప్పేవాడు ఒకడు కావాలిగా, ఆ కన్ను మన పిల్లలకి ఉండాలన్నది నా గొడవ.

తెలుగు అక్షరం తేలిక కాదు. పైన తలకట్టు, గుడి, కింద వత్తులు, ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు. ఇంగ్లీషుకి సాఫ్ట్‌వేర్ దానంతటదే ఇచ్చే లైన్ గ్యాప్, అంటే 120 శాతం, తెలుగుకి అలాగే వదిలేస్తే పై లైన్ వత్తులు కింది లైన్ గుడుల్లో దూరతాయి, నేనైతే 150 దాకా పోతా. పేజీలు కట్టే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఆన్ చెయ్యకపోతే అక్షరాలు విడివిడిగా పడతాయి, ఫైనల్ ఇయర్ పిల్లల్లో కూడా ఇది తెలీనివాళ్ళని చూశా, ఫాంట్ పాడైపోయింది అనుకుంటారు. ఫాంట్లు లేవన్న సాకు కూడా ఇప్పుడు లేదు. రామభద్ర, మండలి, గిడుగు, గురజాడ, సురవరం, పెద్దన, ధూర్జటి, ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఫ్రీ, ఇచ్చింది ఎవరో కాదు, ఇక్కడ అమెరికాలోని మన తెలుగు సంస్థ సిలికానాంధ్ర వాళ్ళే. బాపు గారు 2014లో పోయారు, ఆయన చేతిరాతని చూసి చేసిన ఫాంట్ ఇప్పటికీ ప్రతి రెండో శుభలేఖ మీద ఉంటుంది, అంటే ఆ తర్వాత జనం కళ్ళకి ఆనే అక్షరం మనం పెద్దగా ఇవ్వలేదనే కదా. నా బాధ అది.

సరే, నేర్చుకునేది ఎక్కడ? కాలేజీలో కొంత. మన దగ్గర మంచి కాలేజీలు లేవని అనను, నాగార్జున యూనివర్సిటీ క్యాంపస్‌లో 2015లోనే ఎన్ఐడీ, అంటే జాతీయ డిజైన్ సంస్థ, మొదలైంది, డిజైన్ అంటే బొమ్మలేసుకోవడమా అని అడిగే మేనమామల నోరు మూయించడానికి ఆ ఒక్క పేరు చాలు. కానీ చేతికి పని రావాలంటే మాత్రం ప్రెస్సులో కూర్చోవాలి. బ్రాడీపేటలోనో అరండల్‌పేటలోనో, విజయవాడ అయితే గవర్నర్‌పేట వైపో, శుభలేఖలు పాంప్లెట్లు బిల్లు బుక్కులు కొట్టే ప్రెస్సు. పెళ్ళిళ్ళ సీజన్‌లో వెళ్తే ఇంకా మంచిది, కసిరినా నేర్పిస్తారు.

నేను నేర్చుకుంది అలాగే. మొదటి పాంప్లెట్‌కి చిన్న అక్షరాల నలుపుని నాలుగు రంగులు కలిపి వేశా, స్క్రీన్ మీద దివ్యంగా ఉంది, ప్రెస్సులో రంగుకో ప్లేటు కదా, అవి వెంట్రుకవాసి జరిగేసరికి ప్రతి వత్తు చుట్టూ ఎరుపు నీలం నీడలు. మిషన్ మీద ఉన్నాయన కళ్ళజోడు తీసి, "బాబూ, చిన్న అక్షరానికి ఒట్టి నలుపు ఒక్కటే పెట్టాలయ్యా" అన్నాడు. అంతే, ఒక సెమిస్టర్ పాఠం. కటింగ్‌కి చుట్టూ 3 మిల్లీమీటర్లు ఎక్కువ వదలాలనీ, స్క్రీన్ మీద మెరిసిపోయే ఆకుపచ్చ కాగితం మీద చప్పబడుతుందనీ ఆయన దగ్గరే తెలిసింది. వాళ్ళ దగ్గర ఇంకా ఆ పాతకాలం అను ఫాంట్లూ పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేరూ ఉంటే నవ్వొద్దు, అందులో టైప్ చేసింది యూనికోడ్, అంటే అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ చదివే అక్షరాల కోడు, కాదు కాబట్టి కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చిగీతలొస్తాయి, వెతికితే దొరకదు, నిజమే. ఆ పాత ఫైళ్ళని యూనికోడ్‌లోకి మార్చి తప్పుపోయిన వత్తులు సరిచేసి ఇవ్వగల పిల్ల ఉంటే పబ్లిషర్లు వదలరు, అసలే విజయవాడ పుస్తకాల ఊరు.

అన్నిటికంటే పెద్ద పని మాత్రం లేబుల్స్‌ది అని నా అనుమానం. కారప్పొడి, పచ్చళ్ళు, గోంగూర, ఇవి గుంటూరు నుంచి ఇక్కడికి రాని వారం లేదు, సీసా మీద లేబుల్ చూస్తే ఏడుపొస్తుంది. ఇండియాలో అమ్మాలంటే ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్స్ నంబర్, వెజ్ గుర్తు, నికర బరువు, ఎంఆర్‌పీ. అమెరికాకి పంపాలంటే లెక్క వేరే, న్యూట్రిషన్ ఫాక్ట్స్ పట్టీ ఉండాలి, అలర్జీ వచ్చే పదార్థాలు రాయాలి, 2023 జనవరి 1 నుంచి ఆ లిస్టులో నువ్వులు కూడా చేరాయి. ఆవకాయలో పోసేది ఏ నూనె? కెనడాకైతే ఆవాలు కూడా చెప్పాలి, ఆవకాయలో ఆవ లేకపోతే ఇంకేముంది! ఇది తెలిసిన డిజైనర్ పచ్చళ్ళ వ్యాపారికి కొడుకుతో సమానం. మా పిల్లకి చెప్పా, ఆ షూస్ పోస్టర్ తీసేసి మీ వీధి చివర పచ్చళ్ళావిడ సీసా తీసుకో, లేబుల్ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ చెయ్యి, ముందు తర్వాత ఫోటోలు పెట్టు, ఇంటర్వ్యూలో మాట్లాడటానికి అరగంట సరుకు దొరుకుతుంది.

ఇక మా వదిన అన్న అమెరికా, అంటే ఎంఎస్ సంగతి రెండు ముక్కలు. మామూలు గ్రాఫిక్ డిజైన్ డిగ్రీ స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కల చదువుల) లిస్టులో లేదు, ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే గడువు, 12 నెలలే, స్టెమ్ అయితే ఇంకో 24 కలుస్తాయి. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 కాగితం మీద ఏ కోర్సు కోడ్ వేస్తారో అప్లికేషన్ ఫీజు కట్టకముందే అడగండి, కన్సల్టెన్సీ వాడిని కాదు, యూనివర్సిటీనే.

ఇక ఇక్కడ అమెరికాలో ఉన్న మన మీద మనం. ఈ పిల్లలకి సలహాలివ్వడంలో మనంత ఉదారులు లేరు, డబ్బులిచ్చే దగ్గర మాత్రం "చిన్న లోగోనే కదమ్మా, మన సంఘానికే కదా, నీకూ ఎక్స్‌పోజర్". సంఘం ఉగాది సంచిక ఇండియాలో కుర్రాళ్ళతో చేయిస్తాం, మన రాత్రి వాళ్ళ పగలు కదా అని 11 కరెక్షన్లు పంపుతాం, సంచిక వచ్చాక నాలుగు నెలలకి గుర్తొస్తే గూగుల్ పే. నేనూ చేశా, ఒకసారి కాదు. కిందటేడు మా కమిటీ బడ్జెట్ షీట్‌లో డిజైన్ అన్న వరస పక్కన "వాలంటీర్" అని ఉంది. ఈసారి అది కొట్టేసి అంకె వేయించా, సగం అడ్వాన్స్ అని కూడా రాయించా, ట్రెజరర్ గారు ఇంకా నాతో సరిగ్గా మాట్లాడట్లేదు.