వన్ బై టూ కప్పు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ అండర్-20 ఆసియా ఫుట్‌బాల్ కప్పు గారి సముఖానికి,

హైదరాబాద్ నుంచి మీ పాత అభిమాని నమస్కరించి రాసుకునే విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ, మీ తమ్ముళ్లు అండర్-17 గారూ అండర్-23 గారూ అక్కడ క్షేమమని తలుస్తాను.

ముందుగా ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఇంతకీ మీ వయసెంత?

మీరు పుట్టింది 1959లో, కౌలాలంపూర్‌లో. మలయా తొలి ప్రధాని టుంకు అబ్దుల్ రహ్మాన్ గారు అప్పట్లో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్యకు కూడా అధ్యక్షుడు. ఆయన చేతుల మీదుగానే మీకు బారసాల జరిగింది. ఆ లెక్కన షష్టిపూర్తి ఎప్పుడో అయిపోయింది. మా దగ్గరైతే ఈపాటికి శాలువా కప్పి, ఓ పూలదండ వేసి, పెన్షన్ కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరగమని పంపేసేవాళ్లం. మీరేమో ఇప్పటికీ పేరు ముందు అండర్-20 అని తగిలించుకుని తిరుగుతున్నారు. మొదట్లో యూత్ చాంపియన్‌షిప్ అన్నారు. మధ్యలో అండర్-19 అన్నారు. 2023లో బోర్డు మార్చి అండర్-20 ఆసియా కప్ అన్నారు. అన్నేళ్లు బతికి ఒకే ఒక్క ఏడు పెరిగినవాళ్లను మా సినిమా హీరోల్లో తప్ప నేనెక్కడా చూడలేదు.

తప్పు పట్టడం లేదండీ. మాకూ రెండేసి వయసులుంటాయి. ఒకటి అసలు వయసు, రెండోది సర్టిఫికెట్ వయసు. నన్ను ఒకటో తరగతిలో వేసిన రోజు హెడ్మాస్టరు గారు "పుట్టిన తేదీ ఎంత?" అని అడిగితే మా నాన్న "వరికోతలప్పుడండీ" అన్నాడు. ఆయన సిరాపెన్ను ఓసారి విదిలించి జూన్ ఒకటి అని రాసేశారు. జూన్‌లో వరికోతలేమిటని ఆయనా అడగలేదు, మా నాన్నా అడగలేదు. మా క్లాసులో సగం మంది జూన్‌లోనే పుట్టాం. ఇప్పుడు ఆ రోజున వాట్సాప్ గ్రూపులో ఎవరు ఎవరికి శుభాకాంక్షలు చెప్పాలో తెలియక అందరం దండాలు పెట్టుకుంటాం.

మీరు మాత్రం జనవరి ఒకటో తేదీని నమ్ముకున్నారు. 2025లో మీ టోర్నీలో ఆడాలంటే 2005 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టి ఉండాలి. 2004 డిసెంబరు 31 రాత్రి నొప్పులు మొదలైన తల్లి ఇంకొక్క గంట ఓర్చుకుని ఉంటే కొడుకు అండర్-20 అయ్యేవాడు. ఇలాంటి పిల్లల విషయంలో మా హెడ్మాస్టరు గారు ఎంత దయగా ఉండేవారో మీకు తెలియదు.

ఆ దయ ఎక్కడిదాకా వెళ్లిందో కూడా చెబుతాను. నేను తొమ్మిదిలో ఉండగా మండల స్థాయి అండర్-14 ఫుట్‌బాల్ ఫైనల్ ఆడాం. మా గోల్‌కీపర్ పొద్దున్నే మంగలి షాపుకెళ్లి మీసం తీయించుకుని వచ్చాడు. పై పెదవి మీద తెల్లటి పట్టీ, కింద నల్లటి మొహం. మధ్యాహ్నం ఎండకు చెమట పట్టేసరికి ఆ పట్టీ మీద పచ్చటి నీడ దిగింది. అవతలి జట్టు పీఈటీ సారు దగ్గరికొచ్చి తేరిపార చూశాడు. మాకు కాళ్లలో వణుకు. ఆయనేమీ అనకుండా వెళ్లిపోయాడు. ఎందుకంటే అదే టైముకి వాళ్ల సెంటర్ ఫార్వర్డ్‌కు భార్య క్యారియర్ పట్టుకొచ్చింది.

ఈ మీసాల బాధ పడలేకే కదా మీ వాళ్లు మణికట్టుకు ఎంఆర్ఐ తీయడం మొదలుపెట్టింది. ఫిఫా 2009 అండర్-17 ప్రపంచ కప్పులో ఆ పరీక్ష పెట్టింది. మణికట్టు దగ్గర ఎముక చివర ఎదుగుదల గీత ఉంటుందట. అది పూర్తిగా మూసుకుపోతే కుర్రాడు 17 దాటాడని లెక్క. బాగానే ఉంది. కానీ 17 దాటాక ఆ గీత ఇక ఏమీ చెప్పదు. అంటే ఈ పరీక్ష మీ చిన్న తమ్ముడికే గానీ మీకు పనికిరాదు. మీ దగ్గర పాస్‌పోర్టు చూసి నమ్మాల్సిందే. ఆ పాస్‌పోర్టు బడి సర్టిఫికెట్ చూసి నమ్మింది. ఆ సర్టిఫికెట్ మా నాన్న మాట విని నమ్మింది.

మీ రెండో తమ్ముడు అండర్-23 గారి సంగతి ఇంకా అన్యాయం. మీరు పుట్టిన 50 ఏళ్లు దాటాక పుట్టి, మీకన్నా మూడేళ్లు పెద్దనని చెప్పుకుంటాడు. ఆయన మొదటి టోర్నీ పేరు 2013 అండర్-22 చాంపియన్‌షిప్. జరిగింది 2014 జనవరిలో, ఒమన్‌లో. ఇప్పుడు రికార్డుల్లో అండర్-23 ఖాతాలో ఉంది. ఏడాదీ తప్పే, వయసూ తప్పే, ఇప్పుడు పేరూ అది కాదు. ఆధార్ సెంటర్‌కు వెళ్తే టోకెన్ కూడా ఇవ్వరు.

అయినా ఆ తమ్ముడంటే నాకు కాస్త ప్రేమే. 2018 జనవరి 27న చైనాలోని చాంగ్‌జౌలో ఆయన ఫైనల్ చూశాను. వియత్నాం, ఉజ్బెకిస్తాన్. ఒకటే మంచు. గీతలు కనపడవు, బంతి దొర్లదు. ఫ్రీ కిక్ వస్తే వియత్నాం కుర్రాళ్లు మోకాళ్ల మీద కూర్చుని, మా ఆడవాళ్లు ముగ్గు వేసే ముందు వాకిలి తోసినట్టు, బంతి చుట్టూ మంచును చేతులతో తోశారు. తర్వాత వాళ్ల క్వాంగ్ హై ఎడమ కాలితో కొట్టిన బంతి గోడ మీంచి వంగి గోల్ పై మూలకెళ్లి కూర్చుంది. చివరికి అదనపు సమయం ముగుస్తుండగా గోల్ తిని 2-1తో ఓడిపోయారు. డిఫెండర్ జుయ్ మాన్ వాళ్ల జెండాను మంచు కుప్పలో గుచ్చి తలవంచి నిలబడ్డాడు. ఓడిన ఆ జట్టు హనోయ్ విమానాశ్రయం నుంచి ఊళ్లోకి బస్సులో రావడానికి గంటల కొద్దీ పట్టింది, దారంతా జనం. అంత మంచులో ఫైనల్ పెట్టిన పుణ్యాత్ములెవరని నేనడగను. మండుటెండల్లో టెన్త్ పరీక్షలు పెట్టినవాళ్లనే మేము అడగలేదు.

ఇక అసలు విషయానికొస్తాను. ఈ ఉత్తరం మొదలుపెట్టింది ఇందుకే.

హైదరాబాద్‌లో ఇరానీ హోటళ్లుంటాయి. ఇద్దరు వెళ్లి వన్ బై టూ అంటే ఒకే చాయ్ వస్తుంది, పక్కన ఓ ఖాళీ కప్పు. బేరర్ ఎత్తు నుంచి సగం వంచుతాడు. ఎవరి కప్పులో ఎక్కువ పడిందో ఇద్దరూ ఓరకంట చూసుకుంటారు. పైకి మాత్రం "నువ్వు తీసుకో భాయ్" అంటారు. మీరు కూడా 1974లో బ్యాంకాక్‌లో మాకు చేసింది అదే. ఫైనల్లో భారత్, ఇరాన్. 2-2. పెనాల్టీలూ లేవు, మళ్లీ ఆటా లేదు. ఇద్దరూ విజేతలే పొమ్మన్నారు. ఇరానీతో చాయ్ పంచుకోవడం మాకు కొత్త కాదు గానీ, వాళ్లతో కప్పునే వన్ బై టూ చేయడం మాకు అదే మొదలు.

ఆ జట్టు కెప్టెన్ మా హైదరాబాదీ, షబ్బీర్ అలీ. అప్పటికి 18 ఏళ్ల కుర్రాడు. యూత్ స్థాయిలో ఆసియా కిరీటం మన దేశానికి దక్కింది ఆ ఒక్కసారే. అదీ సగం. 2011లో ఆయనకు ధ్యాన్‌చంద్ అవార్డు ఇచ్చారు. అంటే కప్పు ఎత్తిన 37 ఏళ్లకు. మేము కృతజ్ఞత చెప్పడానికి కూడా అదనపు సమయం తీసుకుంటాం.

నాంపల్లి వైపు ఓ హోటల్లో ఓ పెద్దాయన ఉండేవారు. ఎవరు ఫుట్‌బాల్ అన్నా ఆయన మెల్లగా కుర్చీ జరుపుకుని వచ్చేవారు. భారత జట్టు పాత కోచ్, మా హైదరాబాదీ రహీం సాబ్ నుంచి మొదలుపెట్టి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల బంగారు పతకం దాటుకుని బ్యాంకాక్‌కు వచ్చి ఆగేవారు. ఓసారి నేను తెలివిగా "సగమే కదా చాచా" అన్నాను. ఆయన తన సాసర్‌లో చాయ్ ఊదుకుంటూ "ఆధా హై మియా, మగర్ అప్నా హై" అన్నారు. సగమే, కానీ మనది అని. బిల్లు మాత్రం నాతోనే కట్టించారు, పూర్తిగా.

ఇలా పంచడం మీకు అలవాటేనని తర్వాత తెలిసింది. 1961లో బర్మాకూ ఇండోనేషియాకూ చెరి సగం. 1963లో బర్మా, దక్షిణ కొరియా. 1969లో బర్మా, థాయిలాండ్. అన్నదమ్ములకు పొలం పంచినట్టు పంచుతూ పోయారు. బర్మా ఏడుసార్లు మీ విజేత అంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. మాలాగే వాళ్లదీ తాతలు నేతులు తాగిన ఇల్లే.

ఇంకో చిత్రం. ఇజ్రాయెల్ ఆరుసార్లు మిమ్మల్ని గెలిచి, తర్వాత ఆసియా వదిలి యూరప్‌కు కాపురం మార్చింది. ఆస్ట్రేలియా తానే ఒక ఖండం అయ్యుండి 2006లో వచ్చి ఆసియాలో చేరింది. 2025 మార్చి 1న షెంజెన్‌లో సౌదీని పెనాల్టీల్లో ఓడించి మిమ్మల్ని ఎత్తుకెళ్లింది. మీ ఇంటికి గోడలున్నాయా లేక టెంటా? అయినా నేనెవర్ని అడగడానికి. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచిన మా హైదరాబాద్ క్లబ్బే ఇప్పుడు ఢిల్లీకి మకాం మార్చింది.

2006లో మీరు మా ఇంటికే వచ్చారు. కోల్‌కతా, బెంగళూరుల్లో పందిరి వేశాం. ఉత్తర కొరియా జపాన్‌ను పెనాల్టీల్లో ఓడించి భోజనం చేసి వెళ్లింది. అప్పటి నుంచి మీ పంక్తిలో మాకు విస్తరి పడలేదు. గేటు దగ్గర మాత్రం ప్రతిసారీ కనపడతాం. 2024 సెప్టెంబరులో వియంటియాన్‌లో మంగోలియాను 4-1తో, లావోస్‌ను 2-0తో కొట్టి, ఇరాన్ చేతిలో 0-1తో ఓడాం. చూశారా, మళ్లీ ఇరానే. 2025లో దోహాలో మీ తమ్ముడు అండర్-23 గారి క్వాలిఫయర్లు. బహ్రెయిన్ మీద 2-0, ఖతార్ చేతిలో 1-2, బ్రూనై మీద 6-0.

అక్కడ మొదలైందండీ లెక్క. గ్రూపులో మొదటివాళ్లకు నేరుగా సీటు. రెండోవాళ్లందరినీ ఒక వరసలో నిలబెట్టి, పాయింట్లు చూసి, గోల్స్ తేడా చూసి, పైనుంచి నలుగురికి సీటు. మాకు చెప్పక్కర్లేదు, ఇది ఎంసెట్ కౌన్సెలింగే. ఆ రాత్రి ఇతర గ్రూపుల మ్యాచ్‌లు చూస్తూ కాలిక్యులేటర్ పట్టుకుని కూర్చున్నాను. మనకు సీటు రావాలంటే ఎవరో ఇద్దరు డ్రా చేసుకోవాలి, ఇంకెవరో ఇంకో గోల్ తినాలి. మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి "ఎవరికండీ, మీ అక్కయ్య కొడుక్కా?" అంది. కాదు, భారతదేశానికి అన్నాను. "కన్వీనర్ కోటాలో రాకపోతే మేనేజ్‌మెంట్ కోటా లేదా?" అంది. సీటు రాలేదు.

నిజం చెప్పాలంటే అసలు తప్పు మీది కాదు. అండర్-19 అంటే మా ఇళ్లలో ఇప్పటికీ క్రికెట్టే. 2022లో మా గుంటూరు కుర్రాడు షేక్ రషీద్ వైస్ కెప్టెన్‌గా ప్రపంచ కప్పు తెస్తే మేం టపాకాయలు కాల్చాం, కాల్చాల్సిందే. అదే వయసు పిల్లలు లావోస్‌లో ఇరాన్ మీద ఒక్క గోల్ తేడాతో ఓడితే ఆ వార్త మర్నాడు ఆటల పేజీలో టైర్ల ప్రకటన కింద అగ్గిపెట్టంత వచ్చింది. మేము మాత్రం 50 ఏళ్ల నాటి సగం చాయ్‌ని మళ్లీ మళ్లీ వేడి చేసుకుని తాగుతున్నాం. డికాక్షన్ ఎప్పుడో అయిపోయింది, అడుగున పొడి మిగిలింది.

అయితే ఒక కబురు మీ చెవిన వేయాలి. 2025 నవంబరు 30న అహ్మదాబాద్‌లో మీ చిన్న తమ్ముడు అండర్-17 గారి గుమ్మం ముందు మా పిల్లలు ఇరాన్‌తో ఆడారు. ముందు గోల్ తిన్నారు. నేను అలవాటు ప్రకారం కాలిక్యులేటర్ తీశాను. ఈసారి దాంతో పనిలేకుండా రెండు కొట్టి, 2-1తో గెలిచి, 2026 సౌదీ టోర్నీకి టికెట్ కొట్టారు. వన్ బై టూ కాదు, ఫుల్లు.

కాబట్టి అయ్యా, 1974 నాటి ఆ సగానికి దీన్ని వడ్డీ కింద జమ రాయించండి. అసలు సంగతి మీరూ ఇరాన్ వాళ్లూ కూర్చుని తేల్చండి. చాయ్ ఖర్చు నాది.

ఇట్లు,
మీ విధేయుడు,
(సర్టిఫికెట్ ప్రకారం మీకన్నా చాలా చిన్నవాడు)

తా.క.: ఎప్పుడైనా ఎవరైనా మిమ్మల్ని వయసు గురించి గట్టిగా నిలదీస్తే కంగారు పడకండి. మా హెడ్మాస్టరు గారు రిటైరై చాలా ఏళ్లయింది గానీ, స్టాంపూ ప్యాడూ ఇంకా వాళ్లింట్లో బీరువా మీదే ఉన్నాయట. జూన్ ఒకటి అయితే మీకు పర్వాలేదు కదా?