రెండు వాటాలు, ఒకటే బెల్లు

(2000వ సంవత్సరం. విశాఖపట్నం, పెదవాల్తేరు. బల్ల మీద ఆఫీసు వేలంలో కొన్న పాత 486 కంప్యూటర్, దాని మీద వదిన రాజ్యం అల్లిన లేసు గుడ్డ. పక్కన డాబాగార్డెన్స్‌లో కొన్న కొత్త మోడెం డబ్బా, ఫోను లైను మీద ఇంటర్నెట్ తెప్పించడానికి. ఆడపడుచు సుబ్బులు చేతిలో స్క్రూడ్రైవర్.)

రాజ్యం: ఏటే, శుక్రవారం పూట దాని పొట్ట కోస్తావా?

సుబ్బులు: మూత తీస్తున్నాను వదినా. మోడెం కార్డు లోపల పెట్టాలి.

రాజ్యం: ఎదురింటివాళ్లది బల్ల మీదే ఉంది. ఎర్ర లైట్లేసుకుని ఎంత దర్జాగా ఉందో!

సుబ్బులు: దాన్ని కంప్యూటర్ వెనక సీరియల్ పోర్టుకి తగిలించాలి. మన పోర్టులో చిప్పు పాతరకం, ఒక్కసారికి ఒక్క బైటే పట్టుకుంటుంది, మోడెం వేగానికి మిగతావి జారిపోతాయి. ఈ కార్డు మీదున్న కొత్తరకం 16550 చిప్పు అయితే పదహారు పట్టుకుంటుంది.

రాజ్యం: పోనీ చవక కార్డు తేవలసింది.

సుబ్బులు: చవకవాటిలో పనంతా ప్రాసెసరే చెయ్యాలి. మన 486కి విండోస్ 95 మొయ్యడానికే ఆయాసం. అది సరే, ముందు నీ చీటీల లెక్కలు ఫ్లాపీలోకి ఎక్కిద్దాం.

రాజ్యం: ఎందుకు? వాటికేమవుతుంది?

సుబ్బులు: ఏమీ కాదు. ఒకవేళ అయితే?

రాజ్యం: అయితే చీటీ పాడుకున్నవాళ్లంతా పండగ చేసుకుంటారు. రెండు ఫ్లాపీల్లో ఎక్కించు!

(మొదటి ఫ్లాపీకి బూజు. రెండోదానికీ బూజే. సముద్రం పక్కన ఇల్లు కదా! మూడోది ఎలాగో ఒప్పుకుంది.)

సుబ్బులు: ఇప్పుడు ప్లగ్గు పీకి, లోపల చెయ్యి పెట్టేముందు ఈ ఇనుప చట్రాన్ని ముట్టుకోవాలి. ఒంట్లో స్టాటిక్ ఉంటే పోతుంది. లేకపోతే చిప్పులు కాలిపోవచ్చు.

రాజ్యం: ముట్టుకుంటే గానీ లోపలికి రానివ్వదా? మీ అమ్మ వంటింటికి పూర్తిగా తిరగేసి ఉందే!

సుబ్బులు: అమ్మనెందుకు లాగుతావు మధ్యలో? నీ ఆయుధపూజ కుంకుమంతా మదర్‌బోర్డు మీదే ఉంది, చూడు. బల్లి గుడ్డు కూడా.

రాజ్యం: కుంకుమ వల్లే ఇన్నాళ్లూ పనిచేసింది.

సుబ్బులు: ఈ డిస్‌ప్లే కార్డు అంచు ఉప్పుగాలికి నల్లబడింది. పెన్సిల్ రబ్బరుతో మెల్లిగా రుద్దు. అంట్లు తోమినట్టు కాదు!

రాజ్యం: చెయ్యి నాది, మాట నీది. కానియ్యి.

సుబ్బులు: అసలు చిక్కు ఇక్కడుంది. మన మౌస్ కామ్ 1 మీద ఉంది, అంటే మొదటి సీరియల్ పోర్టు. మోడెంని కొట్టులోనే కామ్ 3కి పెట్టి ఇచ్చారు. రెండింటికీ ఐఆర్‌క్యూ 4.

రాజ్యం: తెలుగులో తిట్టు.

సుబ్బులు: ప్రాసెసర్‌ని పిలిచే బెల్లు వదినా అది. పై వాటా, కింద వాటా ఇద్దరూ ఒకటే బెల్లు నొక్కితే, ఇంటి ఓనరు ఏ గుమ్మంలోకి వెళ్లాలి?

రాజ్యం: అద్దె ఇచ్చినవాడి గుమ్మంలోకి.

సుబ్బులు: ఇక్కడ అద్దె ఉండదు! మోడెం డయల్ చెయ్యగానే మౌస్ కొయ్యబారిపోతుంది. అందుకని ఊరికే ఉన్న కామ్ 2ని ఆపేసి, దాని ఐఆర్‌క్యూ 3 మోడెంకి ఇస్తాను.

రాజ్యం: ఖాళీ వాటా ఉండగా ఇంత గొడవెందుకే?

సుబ్బులు: కార్డు మీద రెండు పిన్నుల్ని కలిపే ఈ చిన్న నల్ల జంపర్ మార్చాలి. ఇదిగో... అయ్యో! ఫ్యాన్ ఎవరు వేశారు?

రాజ్యం: నాకు చెమట పట్టదా?

(ఇద్దరూ బల్ల కింద. చీపురు వచ్చింది, టార్చి వచ్చింది. జంపర్ రాజ్యం చీర కుచ్చిళ్లలో దొరికింది. దొరికింది తన దగ్గర కాబట్టి ఘనత కూడా తనదేనంది.)

రాజ్యం: ఇంతకీ డబ్బా మీద 56 కె అంటే ఏమిటి?

సుబ్బులు: సెకనుకి 56 వేల బిట్లు. ఎనిమిదితో భాగిస్తే బైట్లు.

రాజ్యం: ఏడు వేలు. అంటే ఫ్లాపీ అంత సరుకు దిగడానికి మూడున్నర నిమిషాలు. (చీటీలు నడిపేవాళ్ల ఇంట్లో కాలిక్యులేటర్‌కి పనుండదు.) ఆ ఫోను బిల్లు ఎవరు కడతారు?

సుబ్బులు: అన్నయ్య. అయినా ఆ వేగం రావాలంటే లైను శుభ్రంగా ఉండాలి. గరగరమంటే సగమే.

రాజ్యం: అంటే సగం వేగం, రెట్టింపు బిల్లు.

సుబ్బులు: ఇంకో మాట. ఇంటర్నెట్‌లో ఉన్నంతసేపూ ఫోను ఎంగేజ్.

రాజ్యం: గాజువాక నుంచి మా అక్క చేస్తే?

సుబ్బులు: ఎంగేజే.

రాజ్యం: నేను అలిగి రిసీవర్ పక్కన పెట్టాననుకుంటుంది! కుదరదు. ఫోను తాళం నా కొంగునే ఉంది. ఎలా డయల్ చేస్తావో చూస్తాను.

సుబ్బులు: తాళం ఫోనుకి వదినా, లైనుకి కాదుగా. మోడెం తనంతట తనే డయల్ చేసుకుంటుంది.

రాజ్యం: (కొంగు ముడి తడుముకుంటూ) దీనికి తాళం ఎక్కడ వేస్తారో కొట్టువాడిని అడిగావా?