అది 6,999 రూపాయలు కాదు బావా

ఈ నెలలో ఈ ఐఫోన్ మెసేజ్ రావడం నాలుగోసారి. మొదట మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది. తర్వాత డిగ్రీ బ్యాచ్ గ్రూపులో. ఆ తర్వాత మా బావ విడిగా పంపి, "చూశావా, మీ ఐఫోన్ పని అయిపోయింది" అని కింద నవ్వు బొమ్మలు పెట్టాడు. నా దగ్గర ఐఫోన్ లేదు, ఎప్పుడూ లేదు. హైదరాబాద్ జగదీష్ మార్కెట్‌లో ఆరేళ్లు ఫోన్లు అమ్మాను కాబట్టి లోకంలో ఉన్న ప్రతి ఫోనుకూ నేనే పూచీ అని మావాళ్ల నమ్మకం. నాలుగోసారి మా పిన్ని పంపింది. పంపి ఊరుకున్నా బాగుండేది. ఏం చేసిందో రెండో పాయింటు దగ్గర చెబుతాను, ఇదంతా కూర్చుని రాయడానికి కారణం అదే.

మెసేజ్ పేరు "చైనా చవక దెబ్బకు ఐఫోన్ అబ్బా!". ఏడు పాయింట్లు. చూడనివాళ్ల కోసం క్లుప్తంగా: చైనాలో ఐఫోన్ కొనే నాథుడే లేడు. 6,999 రూపాయల హువావే ఫోన్ దాన్ని మట్టి కరిపించింది. చైనా ప్రభుత్వం తన కంపెనీల ఫోన్లకే ఎదురు డబ్బిస్తోంది. ఒప్పో, వివో, వన్‌ప్లస్, రియల్‌మీ, ఐకూ అన్నీ ఒకే కంపెనీ. యాపిల్ కాళ్లబేరానికి వచ్చి రేటు తగ్గించింది. చైనాలో బిచ్చగాళ్ల దగ్గర కూడా క్యూఆర్ కోడ్ ఉంటుంది. కనుక మన కంపెనీలు కూడా ఐదు వేల ఫోన్లు దింపితే చైనావాళ్లను తరిమేయొచ్చు.

ఆరోది ముందు తేల్చేద్దాం. మా వీధి చివర చెరుకురసం బండికి కూడా క్యూఆర్ కోడ్ ఉంది. అయిపోయింది.

ఇక మొదటిది. 2024 యాపిల్‌కు చైనాలో గడ్డు సంవత్సరం, కాదనను. అమ్మకాలు 17 శాతం పడిపోయాయి. పడ్డాక కూడా ఎన్ని అమ్మింది? కెనాలిస్ అనే మార్కెట్ పరిశోధన సంస్థ లెక్కలో సుమారు 4 కోట్ల 29 లక్షలు. ఆ ఏడాది వివో 17 శాతంతో మొదటి స్థానం, హువావే 16, యాపిల్ 15. ఒప్పో, ఆనర్, షావోమీ కూడా ఆ 15 దగ్గరే ఉన్నాయి. ఇంకో సంగతి, మిగతావాళ్ల లెక్కలో వెయ్యి యువాన్ల (అది చైనా డబ్బు) ఫోన్లు కూడా కలిసి ఉంటాయి. యాపిల్ అమ్మేవాటిలో అలాంటిది ఒక్కటీ ఉండదు. కొనే నాథుడే లేడంటే, ఈ నాలుగు కోట్ల మంది అనాథలన్నమాట.

రెండోది. దీని దగ్గరే నా ఓపిక పోయింది.

మెసేజ్‌తో పాటు ఒక పోస్టరు ఉంది. ఆకుపచ్చ వెనక భాగం, పైన గుండ్రటి కెమెరా చట్రం, చుట్టూ చైనా అక్షరాలు, కింద మూలకు 6,999 అనే అంకె. ఆ ఫోన్ హువావే మేట్ 60 ప్రో. వేళ్లతో ఆ మూలను పెద్దది చేసి చూడండి. అంకెకు ముందు ఒక గుర్తు ఉంది. ఇంగ్లిషు వై అక్షరం, దాని కాడకు రెండు అడ్డగీతలు. మన రూపాయి గుర్తుకు కూడా రెండు గీతలే ఉంటాయి కదా, అంతే, ఎవరో మహానుభావుడు దాన్ని రూపాయలుగా చదివేశాడు. మిగతా ఆరు పాయింట్లూ ఆ చూపు మీద కట్టిన మేడే.

అది యువాన్ గుర్తు బావా. 6,999 యువాన్లంటే, ఆ ఫోన్ వచ్చిన 2023 నాటి మారకంలో సుమారు 80 వేల రూపాయలు. అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన ఐఫోన్ 15 చైనాలో 5,999 యువాన్ల నుంచి మొదలైంది. అంటే "చవక దెబ్బ" కొట్టిన ఫోన్, దెబ్బ తిన్న ఫోన్ కంటే వెయ్యి యువాన్లు ఎక్కువ!

అసలు కథ ఇంతకంటే బాగుంటుంది. 2020 వేసవి నాటికి చైనాలో అమ్ముడయ్యే ప్రతి పది ఫోన్లలో నాలుగుకు పైగా హువావేవే. అమెరికా ఆంక్షలతో ఆ సెప్టెంబరులో తైవాన్ నుంచి చిప్పులు ఆగిపోయాయి. నవంబరులో తన చవక బ్రాండు ఆనర్‌ను హువావే అమ్మేసుకుంది. ఖరీదైన ఫోన్ల కుర్చీ ఖాళీ. చవక ఫోనే గెలిచేదైతే ఆ కుర్చీ షావోమీకో ఒప్పోకో నడిచి వచ్చి ఒళ్లో కూర్చోవాలి. వాళ్లూ ప్రయత్నించారు, నాలుగు వేలు, ఐదు వేలు, ఆరు వేల యువాన్ల ఫోన్లు తీశారు. ఒప్పో అయితే సొంత చిప్పుల కోసం ఏకంగా ఒక కంపెనీ పెట్టి, 2023 మే నెలలో ఉన్నట్టుండి మూసేసింది. అప్పటిదాకా హువావే వాడిన డబ్బున్న చైనీయుల్లో చాలామంది మాత్రం నేరుగా ఐఫోన్ దగ్గరికే వెళ్లారు. 2021, 2022ల్లో అక్కడ యాపిల్ ఇంట్లో కనిపించిన వెలుగులో కొంత, పక్కనే హువావే ఇంట్లో కరెంటు పోవడం వల్ల వచ్చిందే.

2023 ఆగస్టు 29న కరెంటు వచ్చింది. స్టేజీ లేదు, ప్రసంగం లేదు. అమెరికా వాణిజ్య మంత్రి జీనా రైమండో చైనాలో ఉండగానే మేట్ 60 ప్రోను ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టేశారు. విప్పి చూసినవాళ్లకు లోపల చైనా కంపెనీ ఎస్ఎంఐసీ చేసిన 7 నానోమీటర్ల అధునాతన చిప్పు కనిపించింది. ఇక జనం ఎగబడ్డారు. ఎగబడింది చవకని కాదు, మనవాడు మళ్లీ లేచాడని. దానికి 80 వేలు పోయడానికి సిద్ధపడ్డారు. మరుసటి ఏడాది సెప్టెంబరులో ఐఫోన్ 16ను ప్రకటించిన కొన్ని గంటలకే హువావే మూడు మడతల ఫోన్ తెచ్చింది, ధర 19,999 యువాన్లు. ఆ గుర్తును కూడా రూపాయలుగా చదువుకుంటే ఇరవై వేల ఫోనే. నిజంగా అయితే రెండు లక్షల ముప్పై వేల చిల్లర.

ఇప్పుడు పిన్ని సంగతి. ఆవిడకు వచ్చిన మెసేజ్ కొత్త రకం. పాయింట్లు అవే, చివర ఒక లింకు తగిలించారు: "ఈ 6,999 ఫోన్ మన దేశంలోకి వచ్చేసింది, 499 కట్టి ముందే బుక్ చేసుకోండి." పిన్ని కట్టింది. ఒకటి బాబాయికి, ఒకటి తనకి, రెండుసార్లు కట్టింది. 2016లో 251 రూపాయల స్మార్ట్‌ఫోన్ అని దేశమంతా ఊగిపోయిన వైభవం చూసి కూడా మనకు బుద్ధి రాలేదు. పోనీ ఎవరో పుణ్యాత్ముడు నిజంగానే ఆ ఫోన్ పంపాడనుకుందాం. అందులో ప్లే స్టోర్ ఉండదు. చైనాలో గూగుల్ లేదు కాబట్టి అక్కడ ఎవరికీ ఆ లోటు తెలియదు, వాళ్ల బతుకంతా వీచాట్ అనే యాప్‌లోనే గడిచిపోతుంది. పిన్నికి మాత్రం యూట్యూబ్‌లో ప్రవచనాలు కావాలి, గ్యాస్ బుకింగ్ కావాలి, కొడుకు పంపే డబ్బులు ఫోన్‌లో పడాలి. పక్కన కూర్చుని సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయించి ఫిర్యాదు రాయించాను. లైన్‌లో ఉన్నప్పుడు కూడా, "అయితే ఆ ఫోన్ రాదంటావా?" అని అడుగుతూనే ఉంది.

నవ్వు బొమ్మలు పెట్టి ఫార్వర్డ్ చేసిన ప్రతి ఒక్కరూ ఆ 998 రూపాయల్లో తలా ఒక రూపాయి వాటా తీసుకోండి. బావ రెండు తీసుకోవాలి.

మూడోది, సబ్సిడీ. ఉంది. 2025 జనవరి 20 నుంచి ఆరు వేల యువాన్ల లోపు ఫోన్లకు ధరలో 15 శాతం, గరిష్ఠంగా 500 యువాన్లు ఇచ్చారు. షరతు ధర మీదే, బ్రాండు మీద కాదు. ఆరు వేల లోపు ఐఫోన్‌కు కూడా వర్తించింది. ఇది గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ పని పడుతుంది.

నాలుగోది సగం నిజం, సగం సోది. ఒప్పో, వివో రెండూ దువాన్ యోంగ్‌పింగ్ స్థాపించిన బుబుగావ్ అనే కంపెనీ కడుపున పుట్టినవే, రెండింటి ఊరూ డోంగ్వాన్. వన్‌ప్లస్, రియల్‌మీ ఒప్పో సంతానం, ఐకూ వివోది. అంతమాత్రాన ఒకే కంపెనీ అంటే, మా షాపులో ఒప్పో ప్రమోటరూ వివో ప్రమోటరూ కౌంటరు దగ్గర డెమో పీసు కోసం జానెడు జాగా మీద కొట్టుకున్న కొట్లాటలు మీరు చూడలేదు. ఒకే తాత మనవళ్లు పొలం గట్టు దగ్గర కొట్టుకుంటే ఎలా ఉంటుందో అలా ఉండేది.

ఏడోది అన్నిటికంటే ముచ్చటైనది: ఐదు వేల ఫోన్లతో చైనాను తరిమేయడం. చవక ఫోన్ల యుద్ధం చైనాలోనే జరిగింది, అందులో ఎవరు పోయారో చూడండి. షావోమీ 2011లో 1,999 యువాన్లకు మొదటి ఫోన్ ఇచ్చింది, 2013లో 799కి రెడ్‌మీ తెచ్చింది, ఏడాది తిరిగేసరికి చైనాలో మొదటి స్థానానికి చేరింది. మెసేజ్ రాసినవాడు అక్కడే ఆగిపోయాడు. 2016లో షావోమీ దబ్బున పడింది. పడగొట్టింది ఇంకా చవకైన ఫోన్ కాదు, 2,799 యువాన్ల ఒప్పో ఆర్9. ఆన్‌లైన్ బేరాలు తెలియని చిన్న ఊళ్లలో, సందు సందుకూ ఉన్న షాపుల్లో, అమ్మేవాడికి మంచి కమిషన్ ఇచ్చి కొనేవాడి చేతిలో పెట్టారు. తర్వాత మన ఊళ్లలో కిళ్లీకొట్టు పక్కన కూడా ఒప్పో, వివో బోర్డులు వెలిశాయి కదా, అదే పాఠం ఇక్కడ మళ్లీ చదివారు.

మధ్యలో ఇరుక్కున్నవాళ్లు నలిగిపోయారు. 2013లో చైనా మార్కెట్‌లో ఇంచుమించు ఐదో వంతు శాంసంగ్‌దే. కింద నుంచి చవక, పైన నుంచి ఐఫోన్, హువావే నొక్కేసరికి ఆరేళ్లలో ఒక శాతం లోపుకు వచ్చి, 2019లో హుయిజౌ ఫ్యాక్టరీ కూడా మూసేసింది. గియోనీ 2018 చివర్లో దివాలా తీసింది. బతికిన షావోమీ కూడా ఏం చేసింది? హార్డ్‌వేర్ మీద నికర లాభం 5 శాతం దాటనివ్వం అని షావోమీ అధినేత లేయ్ జున్ 2018లో ప్రకటించాడు. వినడానికి ధర్మరాజు మాటలా ఉంటుంది. నూటికి ఐదు మిగిలే చోట ఎక్కువ కాలం నిలబడలేమని ఆయనకూ తెలుసు, అందుకే 2019లో రెడ్‌మీని వేరు కాపురం పెట్టించి, 2020లో ఎంఐ 10ని 3,999 యువాన్లకు తెచ్చి పైమెట్టు ఎక్కడం మొదలుపెట్టాడు.

మనవాళ్లు ఐదు వేల ఫోన్లు ఎప్పుడు దింపలేదని? మైక్రోమ్యాక్స్, కార్బన్, మన హైదరాబాద్ సెల్‌కాన్ బతికిందే వాటి మీద. నా చేత్తో వందలు అమ్మాను. వాటిలో ఎక్కువ భాగం చైనాలోనే తయారై వచ్చేవి. 2014లో షావోమీ 5,999కి రెడ్‌మీ 1ఎస్ దింపింది, అక్కడి నుంచి ఆట మారిపోయింది. ఇంకో ఏడాదికి ఆ షావోమీ ఫోన్లను ఫాక్స్‌కాన్ మన శ్రీసిటీలోనే బిగించడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఎవర్ని ఎక్కడి నుంచి ఎక్కడికి తరుముతారో మెసేజ్ రాసిన పెద్దమనిషే చెప్పాలి.

ఐదోది కావాలనే చివరకు ఉంచాను. యాపిల్ రేటు తగ్గించిందన్నది కూడా కల్పనే అనుకుని, చీల్చి చెండాడదామని మొదలుపెట్టాను. తీరా చూస్తే నిజం. మెసేజ్ చెప్పినదానికంటే ఎక్కువే నిజం. 2024 జనవరిలో చైనా కొత్త సంవత్సరానికి ముందు యాపిల్ తన సొంత సైట్‌లోనే 500 యువాన్ల దాకా తగ్గించింది. తన దుకాణంలో తానే బేరానికి దిగడం ఆ కంపెనీకి అలవాటు లేని పని. 2025 మే నెలలో, అక్కడి జూన్ 18 ఆన్‌లైన్ డిస్కౌంట్ అమ్మకాల ముందు, 7,999 యువాన్ల ఐఫోన్ 16 ప్రో సబ్సిడీ కూడా కలుపుకుని ఆన్‌లైన్‌లో 5,499కి దిగింది. ఎందుకో తెలుసుగా, ఆరు వేలు దాటితే సబ్సిడీ రాదు. ఆ సెప్టెంబరులో ఐఫోన్ 17కి స్టోరేజీ రెండింతలు చేసి కూడా ధర 5,999 దగ్గరే ఉంచారు. గీతకు సరిగ్గా ఒక్క యువాన్ ఇవతల. మన దగ్గర అదే మార్పుకు 79,900 కాస్తా 82,900 అయింది.

కాబట్టి బావా, ఈ ఒక్క పాయింటు విడిగా కత్తిరించి ఎన్ని గ్రూపుల్లో అయినా పెట్టుకో. పోస్టరు మాత్రం తీసెయ్యి.